అంకె చెప్పకూడని ఉద్యోగం

రిటైర్మెంట్ కోసం దాచుకున్న డబ్బుతో బంగారం కొనుక్కునే ఖాతాలు తెరిచే సంస్థలో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో, హైవే పక్కన అద్దాల భవనంలో రెండో అంతస్తు మాది. ఫోను చేసేవాళ్ళు రకరకాలుగా మొదలుపెట్టేవాళ్ళు. ఒకరు యుద్ధాల గురించి, ఒకరు డాలరు గురించి, ఇంకొకరు తమ అల్లుడి తెలివితక్కువతనం గురించి. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి అందరూ ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చేవాళ్ళు: "మొదట ఎంత పెట్టమంటారు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకపోవడమే నా ఉద్యోగం.

మన చర్చి సంఘంలో యవ్వనస్థులు ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్నారు. మొన్న ఆదివారం కూడిక అయ్యాక ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, మీరు గోల్డ్ కంపెనీలో చేశారంట కదా, నేను హౌ మచ్ పెట్టాలి?" అని అడిగాడు. అలవాటు కొద్దీ నోరు మూసుకున్నాను. ఇంటికి వెళ్ళాక, అంకె చెప్పకపోయినా ఒక సంగతి చెప్పవచ్చు కదా అనిపించింది. ఇది ఆ సంగతి.

ముందు పని గురించి నాలుగు మాటలు. మా సంస్థ బంగారం అమ్మేది కాదు. ఖాతా తెరవడం, పాత కంపెనీ రిటైర్మెంట్ ప్లాన్‌లోంచి డబ్బు రప్పించడం, కాగితాలు సరిచూడడం వరకే మా బాధ్యత. బంగారం అమ్మే వ్యాపారి వేరు. కొన్న బంగారం ఉండే ఖజానా వేరు, అది వేరే రాష్ట్రంలో ఉంటుంది. ఖాతాదారు దాన్ని ఇంటికి తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే ఆ రోజే డబ్బు బయటికి తీసేసినట్టు లెక్క, పన్ను కట్టాలి. ఈ మాట మనవాళ్ళకి మింగుడుపడేది కాదు. బెంటన్‌విల్ నుంచి చేసిన ఒకాయన, "అంటే చూసుకోడానిక్కూడా ఉండదా అండీ? మరి అది మనదేనని గ్యారంటీ ఏంటి?" అన్నాడు. "కాగితం వస్తుందండీ" అన్నాను. "కాగితమే కావాలంటే షేర్లు కొనుక్కునేవాణ్ణి కదా" అని పెట్టేశాడు. ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఇక ఎంత పెట్టాలన్న సంగతి. ఏటా కట్టే రుసుము చిన్న ఖాతాకైనా పెద్ద ఖాతాకైనా ఇంచుమించు ఒకటే. మరీ కొంచెం పెడితే ఆ రుసుమే దాన్ని కొరుక్కు తింటుంది. మరీ ఎక్కువ పెడితే అవసరానికి చేతికి అందదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో ఆ ఇంటివాళ్ళు తేల్చుకోవాలి. మేము సలహా ఇస్తే చట్టం ఒప్పుకోదు. అందుకే మా మాటలన్నీ రికార్డయ్యేవి. నేను తెలుగులో మాట్లాడినవాటిని అప్పుడప్పుడు తెలుగు తెలిసిన మనిషికి వినిపించేవాళ్ళు.

మా సూపర్‌వైజర్ పోలండ్ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన ఆడమనిషి. గొంతు పెద్దది, మనసు మంచిది. నేను చేరిన మొదటి వారమే నాకొక మాట చెప్పింది: "నిజం ఎంతైనా చెప్పు. అంకె మాత్రం చెప్పకు." శిక్షణలో మాకిచ్చిన లావుపాటి పుస్తకంలో ఉన్నదంతా ఆ రెండు ముక్కల్లో వచ్చేసింది.

ఆమెకు నన్ను చూస్తే ఒక వింత. మా సంఘంలో స్త్రీలు బంగారం పెట్టుకోరు. బాప్తిస్మానికి నీళ్ళలో దిగేముందే ఒంటిమీదది తీసేస్తారు. నేనూ తీసేశాను, మళ్ళీ పెట్టుకోలేదు, పెట్టుకోవాలనీ అనిపించలేదు. రోజంతా బంగారం గురించి మాట్లాడే మనిషి మెడ, చేతులు బోసిగా ఉండడం మా ఆఫీసులో అందరికీ కబుర్లకు పనికొచ్చేది. ఒకరోజు లంచ్‌లో సూపర్‌వైజర్ అడిగేసింది.

"మీ దేవుడికి బంగారం అంటే అంత కోపం ఎందుకు?"

"కోపమేం లేదు. మాకు అక్కర్లేదు, అంతే."

"మరి పరలోకంలో వీధులే బంగారం అంటారుగా?"

"అంటారు. అక్కడ అది కాళ్ళ కింద ఉంటుంది."

ఆమె ఎంత గట్టిగా నవ్విందంటే పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు. ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్పి నన్ను పరిచయం చేసేది.

అసలు సంగతి మా సంఘ పెద్దల్లో ఒక అన్న గురించి. అప్పట్లో మా తెలుగు కూడిక ఒక అమెరికన్ చర్చి భవనంలో అద్దెకు జరిగేది. వాళ్ళ ఆరాధన పొద్దున, మాది మధ్యాహ్నం. మేము వెళ్ళేసరికి వాళ్ళ కాఫీ వాసన ఇంకా ఉండేది, మేము వచ్చేసేటప్పుడు మా బిర్యానీ వాసన మిగిలేది. అన్న ఇంజనీరు. మొదట్లో ట్రాయ్ అనే ఊళ్ళో చిన్నచిన్న కాంట్రాక్టులు చేసి, తర్వాత ఒక పెద్ద కంపెనీలో స్థిరపడ్డాడు. ఆ కంపెనీయే ఆయన్ని ఇటు మార్చింది. వాక్యం బాగా చెప్పేవాడు. ధనాన్ని ఎక్కడ దాచుకోవాలో ఆయన చెప్పిన ప్రసంగం విని, ఇంట్లో మిగిలిన ఆఖరి ఉంగరాలు కూడా తీసేసిన ఆడవాళ్ళు ఉన్నారు.

ఒక చలికాలం ఆయన ఉద్యోగం పోయింది. టీమ్ మొత్తాన్నీ ఒకే ఫోన్ కాల్‌లో తీసేశారు. అరవైకి ఇంకా మూడు నాలుగేళ్ళు ఉన్నాయి. వదిన డేకేర్‌లో పిల్లల్ని చూసుకునే పని చేసేది. ఇంటి మీద అప్పు ఇంకా తీరలేదు. ఆ ఇంటికి ఉన్న దన్నల్లా అన్న పాత కంపెనీ ప్లాన్‌లో పోగైన డబ్బే.

ఒక ఆదివారం భోజనాలయ్యాక పార్కింగ్ లాట్‌లో అన్న నన్ను ఆపాడు.

"చెల్లెమ్మా, ఈ వారం మీ ఆఫీస్‌కి వస్తున్నా."

"దేనికన్నా?"

"రోల్‌ఓవర్ చేద్దామని. కంపెనీ ప్లాన్‌లో డబ్బు గోల్డ్‌లోకి. మొత్తం."

"మొత్తమంటే?"

"మొత్తమంటే మొత్తమే. ప్రార్థన చేసి చీట్లు వేశాం. పావు, సగం, మొత్తం అని మూడు రాశా. మొత్తం అనే వచ్చింది."

ఈ చీట్ల పద్ధతి మీలో కొందరికి తెలియకపోవచ్చు. మన విశ్వాసుల ఇళ్ళలో ఎటూ తేలని విషయం వస్తే, మోకరించి ప్రార్థన చేసి, చీట్లు రాసి మడిచి, ఒకటి తీస్తారు. బైబిల్లో అపొస్తలులు కూడా చీట్లు వేశారు. నేను దాన్ని వెక్కిరించను. నా పెళ్ళి చీటీతోనే కుదిరింది, ఇప్పటిదాకా పెద్దగా ఫిర్యాదు లేదు. అయితే మా పెద్దవాళ్ళు నేర్పిన పద్ధతిలో ఒక తెల్ల చీటీ కూడా వేసేవాళ్ళం. ఏమీ రాయనిది. అది వస్తే ప్రభువు ఇంకా మాట్లాడలేదని, ఆగమంటున్నాడని అర్థం.

"తెల్ల చీటీ వేశారా అన్నా?" అని అడిగాను.

ఆయన ముఖం ముడుచుకుంది. "సందేహపడుతూ అడిగేది ప్రార్థనేనా చెల్లెమ్మా? నీకు వాక్యం తెలీదా?"

వదిన పక్కనే కారు డిక్కీలో ఖాళీ బిర్యానీ ట్రేలు సర్దుతోంది. ఒక ట్రే మూతను అవసరానికి మించి నొక్కింది.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి, వచ్చేవాళ్ళు మా సంఘం వాళ్ళని చెప్పాను. అలా చెప్పడం మా నియమం. ఫైలు వేరేవాళ్ళకి ఇస్తానంది. ఆయనకి తెలుగులోనే మాట్లాడాలని ఉందన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే నువ్వే చూడు. అన్నీ రికార్డు చెయ్యి" అంది. చీట్ల సంగతీ, తెల్ల చీటీ సంగతీ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నువ్వు అంకె చెప్పేశావు" అంది.

"నేనా? ఎక్కడ చెప్పాను?"

"ఆ తెల్ల కాగితం కూడా అంకే. సున్నా."

ఆమె అన్నది నిజం. విశ్వాసం పేరుతో ఆయన్ని వెనక్కి లాగబోయాను, ఆయన ఇంకా బిగుసుకున్నాడు. ఇక ఆఫీసు పద్ధతి ప్రకారం నిజాలు మాత్రమే చెప్పాలనుకున్నాను.

అన్న ఆ వారమే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, టై కట్టుకుని, ఇంటర్వ్యూకి వచ్చినట్టు. ఒక్కొక్కటీ చెప్పాను. బంగారం ధర పడిపోవచ్చు. వడ్డీ రాదు. అమ్మాలంటే కొన్ని రోజులు పడుతుంది, కొన్న ధరకీ అమ్మే ధరకీ తేడా ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా చెప్పాను. యాభై అయిదు దాటాక ఉద్యోగం పోయినవాళ్ళు ఆ కంపెనీ ప్లాన్‌లోనే డబ్బు ఉంచుకుంటే, అవసరానికి జరిమానా లేకుండా తీసుకోవచ్చు. మా ఖాతాలోకి తెస్తే ఆ వెసులుబాటు పోతుంది, యాభై తొమ్మిదిన్నర నిండకముందే తీస్తే పన్నుతో పాటు జరిమానా కూడా పడుతుంది.

అన్నిటికీ తలూపాడు. "జరిమానాతో నాకేం పని చెల్లెమ్మా? నేను తీస్తేగా" అన్నాడు.

"మరి అవసరం వస్తే?"

"వస్తే బంగారం ఉందిగా! మేం ట్రాయ్‌లో ఉన్నప్పుడు కాంట్రాక్ట్ పోయి చలికాలమంతా ఖాళీగా కూర్చున్నా. అప్పుడు మమ్మల్ని నిలబెట్టింది ఏంటి? మీ వదిన బంగారం. స్టాకులు కాదు. నీకు తెలీదు, అప్పటికి మేం ఇటు రాలేదు."

ఆ బంగారం వాళ్ళని ఎలా నిలబెట్టిందో ఆయన చెప్పలేదు. అమ్ముకుని ఉంటారని నేను అనుకున్నాను, అందుకే అడగలేదు. అడగడానికి మా శిక్షణలో అలాంటి ప్రశ్న కూడా లేదు. అక్కడ ఉన్న ప్రశ్నలన్నీ అమెరికా వాళ్ళు అడిగేవి.

ఆయన పాత కంపెనీ ప్లాన్‌కి ఒక నియమం ఉంది. డబ్బు బయటికి తీయాలంటే భార్య ఒప్పుకుంటూ నోటరీ ఎదుట సంతకం చేయాలి. మా ఆఫీసులో నోటరీని నేనే. "వదిన్ని ఎప్పుడు తీసుకొస్తారన్నా?" అని అడిగాను. "దానిదేముంది, సంతకమేగా. ఫ్రైడే డేకేర్ అయ్యాక తీసుకొస్తా" అన్నాడు.

శుక్రవారం దాకా నాకు స్థిమితం లేదు. పట్టణం గోడ మీద కావలి ఉన్నవాడు శత్రువును చూసి కూడా బూర ఊదకపోతే ఆ నష్టం వాడి తల మీదే అని చిన్నప్పటినుంచి విన్నదాన్ని. ఇక్కడేమో బూర ఊదితే ఉద్యోగం పోతుంది. రెండుసార్లు వదినకి ఫోన్ చేయబోయి మానేశాను. భయంతో మానేశానా, న్యాయమని మానేశానా అంటే, రెండూ ఉన్నాయి. ప్రార్థన మాత్రం చేశాను. ప్రార్థనలో కూడా ప్రభువుకి అంకె చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ వచ్చారు. చిన్న గదిలో కూర్చోబెట్టి, రికార్డు అవుతోందని చెప్పి, వదిన డ్రైవింగ్ లైసెన్సు చూసుకున్నాను. ఆమె చేతికి డేకేర్ పిల్లల రంగులు ఇంకా అంటుకుని ఉన్నాయి. నోటరీ అడగాల్సిన ప్రశ్న అడిగాను.

"వదినా, మీ ఇష్టంతోనే సంతకం చేస్తున్నారా? ఎవరి బలవంతమూ లేదు కదా?"

"ఇష్టం సంగతి తర్వాత. నేను కొన్ని అడగొచ్చా సిస్టర్?"

"అన్నీ నేను అడిగేశానే" అన్నాడు అన్న. "ఊరికే ఆమె టైమ్ వేస్ట్. వేరే అపాయింట్‌మెంట్లు ఉంటాయి."

"ఏం లేవన్నా" అన్నాను. నిజంగానే లేవు.

వదిన కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఈ బంగారం నేను పెట్టుకోవచ్చా?"

"లేదు వదినా. బిస్కెట్లుగానే ఉంటుంది, ఖజానాలో."

"ఎలాగూ పెట్టుకోనులెండి. ఊరికే అడిగా. తెచ్చి ఇంట్లో పెట్టుకోవచ్చా?"

"కుదరదు. తెస్తే డబ్బు తీసేసినట్టే లెక్క."

"అవన్నీ నాకు చెప్పినవే" అన్నాడు అన్న, గడియారం చూసుకుంటూ.

"ఆగండి ఒక్క నిమిషం. తాకట్టు పెట్టొచ్చా?"

నా చేతిలో నోటరీ ముద్ర ఉంది. బల్ల మీద పెట్టేశాను.

"పెట్టకూడదు వదినా. రిటైర్మెంట్ ఖాతాలో ఉన్నదాన్ని దేనికీ తాకట్టు పెట్టకూడదు. పెడితే, పెట్టినంత మేరకు ఆ రోజే బయటికి తీసినట్టు లెక్కేస్తారు. పన్ను, అన్న వయసుకి జరిమానా."

అన్న గడియారం వదిలేసి నా వైపు చూశాడు. "అదేంటి? బంగారానికి తాకట్టు లేకపోవడమేంటి?"

"ఈ ఖాతాలో లేదన్నా."

"బ్యాంకులో కూడానా?"

"ఎక్కడా కుదరదు."

"మరి రేపు డబ్బు అవసరమైతే?"

"అమ్మాలి."

"అమ్మడానికా బంగారం కొనేది!" ఆ మాట ఆయన నిజంగా కోపంతో అన్నాడు. నా మీద కాదు. ఎవరో ఇన్నాళ్ళూ తనని మోసం చేసినట్టు.

అప్పుడు నాకు అర్థమైంది. ట్రాయ్‌లో వాళ్ళు బంగారం అమ్ముకోలేదు. వదినే చెప్పింది. గుంటూరులో వాళ్ళమ్మ దగ్గర దాచిన నగలు బ్యాంకులో తాకట్టు పెట్టించి డబ్బు తెప్పించుకున్నారు. అన్నకి ఉద్యోగం వచ్చాక నెలనెలా పంపి విడిపించుకున్నారు. బంగారం వెళ్ళింది, పని చేసిపెట్టింది, తిరిగొచ్చింది. ఆయన మనసులో బంగారం అంటే అది. రిటైర్మెంట్ డబ్బంతా అలాంటి బంగారంగా మార్చుకుంటే, ఎన్ని ఉద్యోగాలు పోయినా పెట్టుకుంటూ విడిపించుకుంటూ బతికేయవచ్చని లెక్కేసుకున్నాడు. నేను జరిమానా అన్నప్పుడల్లా తలూపింది అందుకే. ఇంజనీరే, బాగా చదువుకున్నవాడే. బంగారానికి తాకట్టు ఉంటుందా అని ఎవర్నైనా అడగాలని మాత్రం ఆయనకి తోచలేదు. నీళ్ళు తడిగా ఉంటాయా అని ఎవరూ అడగరు కదా.

"ట్రాయ్‌లో మనల్ని ఆదుకుంది బంగారం కాదండీ, తాకట్టు" అంది వదిన.

అన్న కొంచెం నీరసంగా, "కానీ చీటీ..." అన్నాడు. "ప్రభువు చూపించాడే?"

"చూపించాడు సరే. చీట్లు రాసింది మీరేగా? పెన్ను నాకిచ్చారా?"

"నువ్వూ మోకరించావుగా పక్కన?"

"మోకరించా. లేవడానికి మీరు చెయ్యి కూడా ఇచ్చారు. ఏం రాశారో చూపించలేదు, అంతే." కొంచెం ఆగి మళ్ళీ అంది. "ఇంకోటి కూడా అడుగుతా, సిస్టర్ ముందే. బాప్తిస్మంనాడు నా గాజులు తియ్యమంది ఎవరు? లోకసంబంధమైనవి అన్నది ఎవరు? నేను మారు మాట్లాడకుండా తీశా. ఇప్పుడు ఇంట్లో ఉన్నదంతా పెట్టి బంగారం కొంటానంటున్నారు. మరి నా గాజులేం తప్పు చేశాయండీ?"

నేను బల్ల మీద కాగితాలు సర్దుకున్నాను. సర్దడానికి ఏమీ లేదు. నవ్వితే రికార్డులో పడుతుంది.

అన్న చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఒక మాట చెప్పాలి, ఆయన మంచి విశ్వాసి. గద్దింపు ఎవరి నోటినుంచి వచ్చినా అది సరైనదైతే తలవంచే మనిషి. నా వైపు తిరిగాడు.

"సరే చెల్లెమ్మా. నువ్వు చెప్పు. ఎంత పెట్టమంటావ్?"

"నేను చెప్పకూడదన్నా."

"ఆఫీసర్‌గా వద్దు. సంఘంలో చెల్లిగా చెప్పు. ఈ మాట మీద వెళ్ళిపోతా, ఎంతంటే అంత."

మీరు నమ్మండి, ఆ క్షణం నా నాలుక చివర ఒక అంకె ఉంది. వారం రోజులుగా ఉంది. ఆయన అడుగుతున్నాడు, వినేలా ఉన్నాడు, నాకు ఆ ఇంటి పరిస్థితి తెలుసు. చెప్పేస్తే ఏమవుతుంది? అయితే నేను చెప్పిన అంకె కూడా ఇంకో చీటీయే. రేపు ఏ కష్టం వచ్చినా, చీటీ చెప్పింది అన్నట్టే, చెల్లెమ్మ చెప్పింది అంటాడు. వదిన చేతికి పెన్ను అప్పుడు కూడా రాదు.

"వదిన్ని అడగండి అన్నా" అన్నాను. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఇచ్చిన సలహా ఏదైనా ఉంటే ఆ ఒక్కటే. అది కూడా నియమానికి లోబడే ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

అన్న వదిన వైపు తిరిగాడు. అడగడానికి ఆయనకి కొంచెం సమయం పట్టింది. "ఎంత పెడదాం?"

ఆమె ముందే ఆలోచించుకుని వచ్చినట్టుంది. వెంటనే చెప్పింది.

"నేను తీసేసినంత."

"అంటే?"

"నీళ్ళలో దిగేముందు నా ఒంటిమీంచి, పెట్టెలోంచి తీసినంత. గాజులు, గొలుసు, జూకాలు, మా అమ్మ పెట్టిన నెక్లెస్. అవి, తాకట్టు విడిపించి తెచ్చుకున్నవే, అమ్మి ఇంటి డౌన్ పేమెంట్‌లో కలిపాం. ఆ ఇంట్లోనే ఉంటున్నాం, నాకేం బాధ లేదు. కానీ మళ్ళీ బంగారం కొనాలంటే అంతే బరువు కొందాం. ఆ బరువు లేకుండా ఇన్నేళ్ళూ బతికా. ఇక ముందూ బతగ్గలను. అంతకుమించి పెడితే, అది లేకుండా బతగ్గలమో లేదో నాకు తెలీదు. మిగతాది మీ కంపెనీ ప్లాన్‌లోనే ఉండనివ్వండి, సిస్టర్ చెప్పిందిగా, జరిమానా లేకుండా తీసుకోవచ్చని."

ఆ సంగతి ఆమెకి అన్న చెప్పాడన్నమాట. తను పట్టించుకోకపోయినా ఇంటికెళ్ళి చెప్పాడు. అది ఆయన మంచితనం.

కాసుల్లో బరువు చెప్పింది వదిన. ఒక్కో నగ బరువూ ఆమెకి నోటికి వచ్చు, అమ్మేసి అన్నేళ్ళయినా. కాసుల్ని ఔన్సుల్లోకి మార్చి, ఆ రోజు ధరతో హెచ్చవేశాను. లెక్క చేసిపెట్టడం సలహా కిందికి రాదు. మా సంస్థలో ఖాతా తెరవడానికి కావలసిన కనీసం కంటే కాస్త ఎక్కువే వచ్చింది. రుసుము కొరికినా తట్టుకునేంత. వాళ్ళ మొత్తం డబ్బులో అది చిన్న భాగం.

ఎంతో అడగకండి. రిటైరైనా ఆ అలవాటు పోలేదు.

పాత ఫారం చింపేసి కొత్తది నింపాం. వదినని మళ్ళీ ఆ ప్రశ్నే అడిగాను, ఇష్టంతోనేనా అని. "ఇప్పుడు ఇష్టమే" అని సంతకం చేసింది. ముద్ర వేశాను. ఇక ఒకే పని మిగిలింది. అంకె చెప్పకూడని ఆ ఉద్యోగంలో అంకె పలకాల్సిన చోటు ఒక్కటుంది: ఖాతాదారు చెప్పిన మొత్తాన్ని తిరిగి చదివి వినిపించి, రికార్డులో ఆయన చేత అవుననిపించాలి. గొంతు సవరించుకుని, డాలర్లూ సెంట్లూ అన్నీ చదివాను.

అన్న కళ్ళు మూసుకుని విన్నాడు. ఆదివారాల అలవాటో, మనసులోంచి వచ్చిందో తెలియదు. "ఆమెన్" అన్నాడు.

ఆయనకి మళ్ళీ ఉద్యోగం రావడానికి అనుకున్నదానికంటే చాలాకాలం పట్టింది. ఆ మధ్యలో ఇల్లు గడిచింది కంపెనీ ప్లాన్‌లో ఉండిపోయిన డబ్బుతోనే. బంగారం ధర ఆ తర్వాత బాగా పెరిగింది, ఆ నిజం కూడా చెప్పాలి. కూడిక అయ్యాక అన్న నన్ను చూసి, "చెల్లెమ్మా, ఆ రోజు మొత్తం పెట్టి ఉంటేనా..." అని నిట్టూర్చేవాడు. వదిన వెనకనుంచి, "మొత్తం పెట్టి ఉంటే మొన్న ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పాడైనప్పుడు బిస్కెట్లు కాల్చుకుని చలి కాచుకునేవాళ్ళం" అనేది. ఇద్దరూ నవ్వేవాళ్ళు.

ఆ చీటీ అబద్ధం చెప్పిందా అని నన్ను ఒకరిద్దరు అడిగారు. నేను అలా అనను. ప్రభువు చీటీ ద్వారా మాట్లాడగలడు. పక్కన మోకరించిన భార్య ద్వారా కూడా మాట్లాడగలడు. రెండోది వినడానికి ఇంకొంచెం విశ్వాసం కావాలి, ముఖ్యంగా మగవాళ్ళకి. అన్నట్టు, ఇప్పుడు వాళ్ళింట్లో చీట్లు వేస్తే వదినే రాస్తుందట.

నేను రిటైరైన రోజు ఆఫీసులో కేకు కోశారు. సూపర్‌వైజర్ మాట్లాడుతూ కాళ్ళ కింద బంగారం సంగతి మళ్ళీ అందరికీ చెప్పింది. తర్వాత నా తెలుగు రికార్డింగుల గురించి మొదలుపెట్టింది. వాటిని పైవాళ్ళకి పంపేముందు తను కూడా ఒకసారి వినేదట, అర్థం కాకపోయినా, గొంతులు విని ఎవరైనా ఎవర్నైనా తోస్తున్నారేమో కనిపెట్టడానికి. ఆ శుక్రవారం రికార్డింగు పూర్తిగా విన్నదట. ఒక మగమనిషి కోపం వినిపించింది, ఒక ఆడమనిషి ఆగకుండా మాట్లాడింది, నా గొంతు చాలాసేపు లేదు, చివర్లో నేను ఒక అంకె చదివాను.

"నిబంధన ప్రకారం అక్కడ ఖాతాదారు 'యెస్' అనాలి" అంది ఆమె. "ఆయన 'ఆమెన్' అన్నాడు. రికార్డింగు తిప్పి పంపాల్సిందే. కానీ అంతసేపట్లో నాకు అర్థమైన మాట అదొక్కటే. సరిపోతుందని సంతకం పెట్టేశాను."